అంకణం ధర పెరిగితే ఎవరికి లాభం?

తిరుపతికి రోజూ వేలమంది వస్తారు. కొండెక్కుతారు. స్వామిని చూస్తారు. గుండ్లు కొట్టించుకుంటారు. లడ్డూలు తీసుకుని రైలెక్కి వెళ్ళిపోతారు.

కానీ అందరూ వెళ్ళిపోరు. కొందరు ఇక్కడే ఉండిపోతారు.

చెన్నైలో ముప్పయ్యేళ్ళు ఉద్యోగం చేసిన పెద్దాయన ఉంటాడు. రిటైరు కాగానే, "ఇక స్వామి పాదాల దగ్గరే ఉందాం" అని భార్యను వెంటబెట్టుకుని వస్తాడు. బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం చేసే కొడుకు, అమ్మానాన్నల కోసం ఇక్కడ ఒక ఫ్లాటు కొంటాడు. హైదరాబాదు వాళ్ళు కొంటారు. అమెరికాలో ఉండేవాళ్ళు కూడా కొంటారు. ఏడాదికి ఒకసారి దర్శనానికి వచ్చి నాలుగు రోజులుంటారు. మిగతా రోజులు ఆ ఇంటికి తాళమే.

వచ్చి పోయేవాళ్ళ వల్ల సత్రాలు నిండుతాయి. ఆటోలు తిరుగుతాయి. ఇడ్లీ బండ్లు నడుస్తాయి. వచ్చి ఉండిపోయేవాళ్ళ వల్ల ఇంకొకటి జరుగుతుంది. ఇంటి జాగా ధర పెరుగుతుంది. ఇంటి బాడుగ పెరుగుతుంది.

కొర్లగుంటలో, జీవకోనలో, మంగళంలో, తిరుచానూరు రోడ్డులో ఆడవాళ్ళు కుళాయి దగ్గర కలిసినా, పొదుపు సంఘం మీటింగులో కలిసినా ఈ మాట వస్తుంది. "మా ఇంటి ఓనరు మళ్ళీ బాడుగ పెంచినాడు" అని ఒకరంటారు. "మా పక్కన స్థలం ఎంతకు పోయిందో తెలుసా?" అని ఇంకొకరంటారు. ఒకరి మాటలో బాధ. ఇంకొకరి మాటలో సంతోషం. ఊరు ఒకటే. వీధి ఒకటే. మరి ఇట్లా ఎందుకు?

ఊరే వలస వచ్చినవాళ్ళది

బయటివాళ్ళు రావడం తిరుపతికి కొత్త కాదు. అసలు ఈ ఊరే బయటివాళ్ళు వచ్చి కట్టుకున్న ఊరు. 1130 ప్రాంతంలో రామానుజాచార్యులు గోవిందరాజస్వామిని ఇక్కడ ప్రతిష్ఠించారని చెబుతారు. ఆ గుడి చుట్టూ అర్చకులు, పూలమాలలు కట్టేవాళ్ళు, వంటవాళ్ళు, కుమ్మరులు ఇళ్ళు వేసుకున్నారు. వాళ్ళంతా ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళే. అందుకే ఈ ఊళ్ళో తెలుగు వినపడుతుంది, అరవం వినపడుతుంది, కన్నడం, ఉర్దూ కూడా వినపడతాయి.

1886లో తిరుపతి మున్సిపాలిటీ అయింది. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. 1960లో మెడికల్ కాలేజీ వచ్చింది. 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 1993లో స్విమ్స్ ఆసుపత్రి. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా దాని వెంట మనుషులు వచ్చారు. పంతుళ్ళు, డాక్టర్లు, నర్సులు, గుమాస్తాలు. వాళ్ళ పిల్లలు. ఆ పిల్లలకు పాలు పోసేవాళ్ళు, బట్టలు ఇస్త్రీ చేసేవాళ్ళు.

2007లో ఊరు నగరపాలక సంస్థ అయింది. 2014లో రాష్ట్రం రెండయ్యాక, 2015లో ఐఐటి, ఐసర్ అనే రెండు పెద్ద విద్యాసంస్థలు తిరుపతికి వచ్చాయి. తరువాత వాటికి ఏర్పేడు పక్కన సొంత కట్టడాలు కట్టారు. అదే ఏడాది రేణిగుంట విమానాశ్రయంలో కొత్త భవనం తెరిచారు. రేణిగుంట చుట్టుపక్కల సెల్‌ఫోన్లు, టీవీలు బిగించే ఫ్యాక్టరీలు పెట్టారు. సత్యవేడు దగ్గర శ్రీసిటీ అంతకు ముందే, 2008లో మొదలైంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది. కలెక్టరు ఆఫీసు వచ్చింది. దానితోపాటు మరిన్ని ఆఫీసులు వచ్చాయి.

జనాభా లెక్కలు చూస్తే ఇది తెలుస్తుంది. 1991లో ఊళ్ళో సుమారు 1 లక్షా 74 వేల మంది. 2011లో సుమారు 2 లక్షల 87 వేల మంది. ఇరవై ఏళ్ళలో లక్ష మందికి పైగా పెరిగారు. ఇది ఊరి హద్దు లోపలి లెక్క మాత్రమే. చుట్టూ ఉన్న పల్లెలు ఊరితో కలిసిపోయాయి. అవిలాల, తుమ్మలగుంట, పేరూరు, కరకంబాడి ఒకప్పుడు వేరే ఊళ్ళు. ఇప్పుడు బస్సులో పోతుంటే ఊరు ఎక్కడ అయిపోయిందో, పల్లె ఎక్కడ మొదలైందో తెలియదు.

జాగా ఉల్లిగడ్డ కాదు

ఉల్లిగడ్డ ధర పెరిగితే రైతులు వచ్చే పంటలో ఎక్కువ వేస్తారు. సరుకు ఎక్కువ వస్తుంది. ధర దిగుతుంది. ఒక్కోసారి రోడ్డు మీద పారబోసేంతగా దిగుతుంది. మదనపల్లె టమేటా రైతులను అడిగితే ఆ కథ బాగా చెబుతారు.

భూమి అట్లా కాదు. విత్తనం వేస్తే భూమి మొలవదు. ఉన్నది ఎంతో అంతే.

తిరుపతిలో ఇంకొక చిక్కు ఉంది. ఊరికి ఉత్తరాన శేషాచలం కొండలు గోడలా నిలబడి ఉన్నాయి. కొండంతా అడవి. అందులో చాలా భాగం 1989 నుంచి జాతీయ వనం. అటువైపు ఒక్క ఇల్లు కూడా కట్టడానికి లేదు. మిగతా ఊళ్ళు నాలుగు దిక్కులకూ పెరుగుతాయి. తిరుపతి మాత్రం కొండకు వీపు ఆనించి కూర్చుంది. పెరిగితే తూర్పున రేణిగుంట వైపు, పడమర చంద్రగిరి వైపు, దక్షిణాన తిరుచానూరు, పాడిపేట వైపు పెరగాలి. ఊళ్ళో ఉన్న జాగాలో కూడా దేవస్థానం భూములు, విశ్వవిద్యాలయాల భూములు పెద్దవి. అవి అమ్మకానికి రావు. కావలసిన వాళ్ళు ఎక్కువ. దొరికే జాగా తక్కువ.

ఇది సగం కారణమే. మిగతా సగం కొనేవాడి జేబులో ఉంది.

చెన్నై పెద్దాయన సంగతే చూడండి. అక్కడ తన ఫ్లాటు అమ్మేశాడు. ఆ డబ్బుతో తిరుపతిలో ఇల్లు కొనగా ఇంకా కొంత మిగిలింది. కాబట్టి ఇక్కడి ధర ఆయనకు చవక. అదే ధర గోవిందరాజస్వామి గుడి ముందు పూలమ్ముకునే ఆమెకు ఆకాశమంత. ఇద్దరూ అడిగింది ఒకే ఇల్లు. ఆయన రూపాయి పెద్ద పట్నంలో సంపాదించింది. ఆమె రూపాయి మూర పూలకు ఇంత అని ఇక్కడే సంపాదించింది.

పెద్దాయన చెడ్డవాడు కాదు. ఆయన ఎవరినీ మోసం చేయలేదు. అడిగిన ధర ఇచ్చాడు, అంతే. కానీ ఆ ఒక్క అమ్మకంతో వీధిలో లెక్క మారుతుంది. "ఎదురింటి స్థలం అంతకు పోయింది. మాది తక్కువా?" అని పక్కింటివాళ్ళు అంటారు. అమ్మిన ఇల్లు ఒకటే. ధర పెరిగింది ఇరవై ఇళ్ళకు. తాళం వేసి ఉన్న ఇల్లు కూడా ధర పెంచుతుంది. ఎందుకంటే అందులో ఎవరూ ఉండకపోయినా, ఉండవలసిన వాళ్ళకు ఒక ఇల్లు తగ్గిపోయింది.

అంకణమా, గజమా?

అంకణం అంటే పాతకాలపు ఇంట్లో రెండు దూలాల నడుమ ఉండే జాగా. తిరుపతిలో ఇంటి స్థలాన్ని ఇప్పటికీ అంకణాల్లోనే కొలుస్తారు. ఇక్కడ అంకణం అంటే 36 చదరపు అడుగులు. ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. ఒక మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత.

నెల్లూరు వైపు అంకణం అంటే 72 చదరపు అడుగులు. సరిగ్గా రెట్టింపు. నాయుడుపేట, సూళ్ళూరుపేట ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేవి. 2022లో తిరుపతి జిల్లాలో కలిశాయి. కాబట్టి ఒకే జిల్లాలో రెండు అంకణాలు ఉన్నాయి. ఏ అంకణమో అడగకుండా ధర మాట్లాడకూడదు.

పట్నం వాళ్ళ కొలతలు వేరు. హైదరాబాదు వాళ్ళు గజాల్లో మాట్లాడతారు. చెన్నై వాళ్ళు గ్రౌండు అంటారు. ఒక గ్రౌండు 2,400 చదరపు అడుగులు. తిరుపతి లెక్కలో 66 అంకణాల పైచిలుకు. ఒక చదరపు గజం 9 చదరపు అడుగులు. అంటే ఒక తిరుపతి అంకణానికి 4 గజాలు. సెంటుకు 12 అంకణాల పైన కొంచెం. ఎకరాకు 1,210 అంకణాలు.

ఈ లెక్క ఎందుకు? ఒక ఉదాహరణ చూడండి. ఒక ముసలామెకు 40 అంకణాల స్థలం ఉంది. బ్రోకరు వచ్చి, "అంకణం 30 వేలు ఇప్పిస్తానవ్వా" అన్నాడు. ఆమెకు 12 లక్షలు. ఆమె సంతోషపడింది. బ్రోకరు అదే స్థలాన్ని హైదరాబాదు ఆయనకు "గజం 10 వేలు" అని చెప్పాడు. ఆయనకూ అది తక్కువే అనిపించింది. గజం 10 వేలంటే అంకణం 40 వేలు. 40 అంకణాలకు 16 లక్షలు. నడుమ ఉన్న 4 లక్షలు ఎక్కడికి పోయాయి? ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒకరికి అంకణం చెప్పారు, ఇంకొకరికి గజం చెప్పారు.

నాలుగుతో హెచ్చవేయడం వచ్చిన ఆడమనిషి ఆ ఇంట్లో ఒక్కరున్నా ఆ 4 లక్షలు ఇంట్లోనే ఉండేవి.

ఒకే వీధి, వేర్వేరు లెక్కలు

ధర పెరిగితే బాడుగకున్న వాళ్ళకు నష్టం. ఇందులో సందేహం లేదు. ఏటా బాడుగ పెరుగుతుంది. ఇల్లు మారాలంటే కొత్త ఇంటికి అడ్వాన్సు కట్టాలి. పాత ఓనరు పాత అడ్వాన్సులో సున్నానికి, రంగుకు అని పట్టుకుంటాడు. చివరికి వాళ్ళు ఊరి బయటికి జరుగుతారు. పని మాత్రం ఊళ్ళోనే ఉంటుంది. కొత్త అపార్టుమెంట్లు వచ్చాక ఇంటిపనికి పిలిచేవాళ్ళు పెరిగారు. జీతం కూడా కొంచెం పెరిగింది. అది నిజమే. కానీ పని చేసే వీధిలో ఉండే స్తోమత పని చేసేవాళ్ళకు లేదు. తెల్లవారుజామున లేచి, రెండు ఆటోలు మారి రావాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు. బస్సు దొరికితే ఛార్జీ మిగులుతుంది. దారిలో పోయిన పొద్దును ఎవరు తిరిగి ఇస్తారు?

బాడుగ ఒప్పందం నోటిమాటగా ఉంటే ఇబ్బంది ఓనరుకు కాదు, ఉండేవాళ్ళకే. కాగితం మీద రాసుకుంటే అందులో నాలుగు సంగతులు ఉండాలి. నెల బాడుగ ఎంత, అడ్వాన్సు ఎంత ఇచ్చారు, ఏడాదికి ఎంత పెంచుతారు, ఖాళీ చేయమంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. సాధారణంగా 11 నెలలకు రాస్తారు.   కాగితంలో ఏమీ రాసుకోకపోయినా, నెలనెలా బాడుగ కట్టే వాళ్ళను ఖాళీ చేయించాలంటే కనీసం 15 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. రాత్రికి రాత్రి సామాను బయట పెట్టడానికి ఏ ఓనరుకూ హక్కు లేదు.

సొంత ఇల్లున్న వాళ్ళకు లాభమేనా? అమ్ముకునేవాళ్ళకు లాభం. అమ్మకుండా అందులోనే కాపురం ఉండేవాళ్ళకు ధర పెరిగినా అన్నం పెరగదు. పైగా పన్ను పెరుగుతుంది. 2021 ఏప్రిల్ వరకు మన రాష్ట్రంలో ఇంటిపన్ను, ఆ ఇంటికి ఎంత బాడుగ వస్తుందో లెక్కగట్టి వేసేవాళ్ళు. ఆ తరువాత పద్ధతి మారింది. స్థలం, కట్టడం కలిపి రిజిస్ట్రేషన్ శాఖ లెక్క ప్రకారం ఎంత విలువో, దాని మీద వేస్తున్నారు. అంటే వీధిలో ధర పెరిగితే, అమ్మాలన్న ఆలోచనే లేని ముసలామె పన్ను కూడా పెరుగుతుంది. ఒక్క ఏడాదిలో 15 శాతం కంటే ఎక్కువ పెంచకూడదని హద్దు పెట్టారు. సొంతదారులే ఉండే ఇల్లు 375 చదరపు అడుగుల లోపు అయితే ఏడాదికి 50 రూపాయలే పన్ను అని కూడా చెప్పారు. 375 అడుగులంటే పది అంకణాల ఇల్లు. అంత చిన్న ఇంటికి వందలు, వేలు పన్ను వేసి నోటీసు వస్తే కొలత సరిగా రాశారో లేదో చూసుకోవాలి. నోటీసు మీద కొలత ఉంటుంది.

పుట్టపర్తి చెప్పే సంగతి

"భూమి ధర ఎప్పుడూ పెరుగుతుందే కానీ తగ్గదు" అంటుంటారు. ఆ మాట నమ్మి వడ్డీకి తెచ్చి స్థలాలు కొన్నవాళ్ళు ఉన్నారు.

పుట్టపర్తి ఒకప్పుడు చిన్న పల్లె. సత్యసాయిబాబాను చూడటానికి దేశదేశాల వాళ్ళు వచ్చారు. కొందరు ఉండిపోయారు. ఇళ్ళు లేచాయి, అపార్టుమెంట్లు లేచాయి, ధరలు లేచాయి. 2011 ఏప్రిల్ 24న బాబా చనిపోయారు. వచ్చేవాళ్ళు తగ్గారు. బాడుగ ఇళ్ళు ఖాళీగా మిగిలాయి. ధరలు పడిపోయాయి. అమరావతిలోనూ అంతే. 2014లో రాజధాని అన్నప్పుడు తుళ్ళూరు పొలాల ధర ఎగిరింది. 2019 డిసెంబరులో మూడు రాజధానులు అన్నప్పుడు పడింది. 2024లో ప్రభుత్వం మారాక మళ్ళీ లేచింది. నడుమ ఐదేళ్ళు వడ్డీ మాత్రం ఆగలేదు.

తిరుపతిలో స్వామి ఎక్కడికీ పోడు కదా అనవచ్చు. నిజమే. కానీ ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరంలో, రోడ్డు కూడా లేని చోట రాళ్ళు పాతి, "రేపు ఇక్కడికి ఫ్యాక్టరీ వస్తుంది" అని చెప్పి అమ్మే స్థలానికీ స్వామికీ ఏ సంబంధమూ లేదు.

చవక స్థలం ఎందుకు చవక?

ఊళ్ళో ధర అందకపోతే పేదవాళ్ళు చవకగా వచ్చేది వెతుకుతారు. కూలి డబ్బు, సంఘం లోను, తాకట్టు పెట్టిన కమ్మలు అన్నీ కలిపి రెండు సెంట్లు కొంటారు. అక్కడే ఎక్కువ మంది మోసపోతారు.

తిరుపతిలో వీధుల పేర్లు చూడండి. కొర్లగుంట, తాతయ్యగుంట, తుమ్మలగుంట. గుంట అంటే నీళ్ళు నిలిచే చోటు. పేరు పెట్టిన పెద్దలు అబద్ధం చెప్పలేదు. 2021 నవంబరులో పెద్ద వానలు పడినప్పుడు ఊళ్ళో వీధులు వీధులే మునిగాయి. నీళ్ళు తమ పాత దారిని మరిచిపోవు. చెరువు, కుంట, వంక పోరంబోకులో రాళ్ళు పాతి అమ్మితే ఆ అమ్మకం చెల్లదు. ఏదో ఒక రోజు నీళ్ళయినా వస్తాయి, జేసీబీ అయినా వస్తుంది.

ఇంకొకటి డి.కె.టి. పట్టా భూమి. ప్రభుత్వం భూమిలేని పేదవాళ్ళకు సాగు చేసుకోమని ఇచ్చిన భూమి అది. దాన్ని అమ్మకూడదని 1977లో చట్టం వచ్చింది. ఇచ్చి ఇరవై ఏళ్ళు దాటిన వాటికి పూర్తి హక్కులు ఇస్తామని 2023లో చట్టం మార్చారు. అందులో అక్రమాలు జరిగాయని 2024లో అటువంటి భూముల రిజిస్ట్రేషన్లు ఆపి పరిశీలన మొదలుపెట్టారు. కాబట్టి "డి.కె.టి. అయినా ఏం కాదమ్మా, చట్టం మారింది" అని ఎవరైనా అంటే ఆ మాట మీద డబ్బు ఇవ్వకూడదు. ఆ సర్వే నంబరు నిషేధ జాబితాలో ఉందా అని అడగాలి. దాన్ని 22-ఏ జాబితా అంటారు. తహసీల్దారు ఆఫీసులో, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో తెలుస్తుంది. దేవుడి మాన్యాలు, మఠం భూములు కూడా ఎవరు పడితే వాళ్ళు అమ్మడానికి లేదు.

ఈసీ అనే కాగితం ఒకటి ఉంది. ఆ స్థలం ఏ సంవత్సరంలో ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, తాకట్టులో ఉందా అన్నది అందులో వరుసగా ఉంటుంది. అమ్మేవాడి పేరు చివరి వరుసలో కొన్నవాడిగా ఉందో లేదో చూడాలి. లేఅవుట్ అయితే తుడా అనుమతి నంబరు అడగాలి. తుడా అంటే తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ. 1981 నుంచి ఉంది. అనుమతి లేని లేఅవుట్లో రోడ్డు, కాలువ, కుళాయి ఎవరూ వేయరు.

నోటరీ చేయించిన స్టాంపు కాగితం మీద స్థలం కొంటే అది కొన్నట్టు కాదు. వంద రూపాయల విలువ దాటిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాలని 1908 చట్టం చెబుతోంది. మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం మీద 7.5 శాతం. 4 లక్షల స్థలానికి 30 వేలు. ఆ 30 వేలు మిగులుతాయని నోటరీకి ఒప్పుకున్నవాళ్ళు 4 లక్షలూ పోగొట్టుకున్నారు.

పండుగకు పిలుపు

ధర పెరిగినప్పుడు ఇంట్లో జరిగే సంగతి ఒకటుంది. దాని గురించి కుళాయి దగ్గర కూడా ఎవరూ గట్టిగా మాట్లాడరు.

ఊరి పక్క పల్లెలో నాయనకు రెండెకరాల మెట్ట ఉంది. ముప్పయ్యేళ్ళు దాన్ని ఎవరూ అడగలేదు. శనక్కాయలు వేస్తే వేశారు, లేకుంటే బీడు. కూతురికి పాకాలలోనో పీలేరులోనో పెళ్ళి చేశారు. నాయన పోయాడు. అన్నదమ్ములు సాగు చేసుకుంటున్నారు. అక్క ఎప్పుడూ వాటా అడగలేదు. అడగాలన్న ఆలోచన కూడా ఆమెకు రాలేదు.

ఒక రోజు పక్కన రోడ్డు పడింది. కార్లు వచ్చి ఆగాయి. మరుసటి వారం అక్కకు ఫోను. "సంక్రాంతికి రా అక్కా. చీర పెడతాం. ఊరికే ఒక సంతకం పని కూడా ఉంది."

ఆ ఊరికే అన్న సంతకం హక్కు విడుదల పత్రం మీద.

ఆడపిల్లకు వాటా ఉందా? ఉంది. మన రాష్ట్రంలో 1986లోనే, ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, హిందూ కుటుంబాల్లో పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇస్తూ చట్టం చేశారు. అది 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళి కాని కూతుళ్ళకు వర్తించింది. 2005లో దేశమంతటికీ చట్టం వచ్చింది. పెళ్ళయిందా లేదా అన్న తేడా పోయింది. 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు కాగితంతోనో, కోర్టు తీర్పుతోనో పంపకాలు, అమ్మకాలు అయిపోయి ఉంటే వాటిని తిరగదోడరు. నాయన స్వయంగా సంపాదించింది అయితే, వీలునామా రాయకుండా పోతే, అందులోనూ కూతురికి సమాన వాటా ఉంటుంది. ముస్లిం కుటుంబాల్లో వారి ధర్మశాస్త్రం ప్రకారం కూతురికి కొడుకు వాటాలో సగం వస్తుంది.

అన్నదమ్ములందరూ దుర్మార్గులు కారు. నాయనకు మందులు కొన్నది, అప్పులు తీర్చింది వాళ్ళే కావచ్చు. అక్క ఇష్టపడి వదులుకోవచ్చు. సగం తీసుకుని సగం వదలవచ్చు. పుట్టింటి గడప తనకు ముఖ్యం అనుకోవచ్చు. అది ఆమె ఇష్టం. కానీ ఏం వదులుతున్నదో తెలిసి వదలాలి. రెండెకరాలంటే 2,420 అంకణాలు. ముగ్గురు పిల్లలైతే అక్క వాటా 800 అంకణాల పైన. ఆ రోజు అక్కడ అంకణం ఎంతకు పలుకుతోందో అడిగి, 800తో హెచ్చవేసి, అప్పుడు చీర వైపు చూడాలి.

పత్రంలో కొన్ని మాటలు వెతకాలి. "హక్కు విడుదల" లేక "విడుదల" అని ఉంటే వాటా వదులుతున్నట్టు. "ప్రతిఫలం" అంటే బదులుగా ఇచ్చే డబ్బు. దాని పక్కన ఎంత రాశారో చూడాలి. "ముట్టినది" అని రాసి ఉంటే డబ్బు చేతికి వచ్చేసిందని అర్థం. రాకుండా ఆ మాట కింద సంతకం పెట్టకూడదు. "చెక్కుబంది" దగ్గర నాలుగు వైపుల హద్దులు, విస్తీర్ణం ఉంటాయి. ఒక పొలం అని చెప్పి రెండు పొలాల నంబర్లు రాసి ఉండవచ్చు.

సబ్ రిజిస్ట్రారు ముందు కూర్చున్నప్పుడు, ఈ పత్రం మీరే రాసిచ్చారా అని ఆయన అడుగుతాడు. చాలామంది తల ఊపేస్తారు. వెనుక అన్న నిలబడి ఉంటాడు, బయట ఆటో ఎదురు చూస్తుంటుంది. అప్పుడు కూడా, "నేను చదువుకుంటాను, కాస్త ఆగండి" అనవచ్చు. రాత అర్థం కాకపోతే చదివి చెప్పమని అడగవచ్చు. తాను రాసివ్వలేదని ఆమె అంటే ఆ పత్రాన్ని ఆమె పేరు మీద రిజిస్టరు చేయడానికి లేదు.

సంతకం పెట్టి వచ్చేశాక అనుమానం వచ్చినా దారి ఉంది. దస్తావేజు నంబరు, సంవత్సరం చెబితే అదే ఆఫీసులో నకలు ఇస్తారు. మోసం చేసి రాయించుకున్నారని తెలిసిన నాటి నుంచి మూడేళ్ళ లోపు కోర్టులో దావా వేయాలి. కోర్టుల దగ్గర న్యాయ సేవా సంస్థల ఆఫీసులు ఉంటాయి. ఆదాయం ఎంతున్నా సరే, ఆడవాళ్ళు అడిగితే అక్కడ వకీలును ఉచితంగా పెడతారు. అర్జీ తెల్లకాగితం మీద తెలుగులో రాసి ఇచ్చినా తీసుకుంటారు.